కుడి చేతికి సెలవు

ప్రెస్సులో ఆమెను అందరూ జిగురక్క అంటారు. ఇంట్లో ఆ పేరు ఎవరికీ తెలీదు, తెలుసుకుందామని ఎవరూ అడగలేదు కూడా. వయసు నలభై నాలుగు. మనిషి పొట్టి, గొంతు గట్టి. బైండింగు హాల్లో ఆ చివర నిలబడి ఒక్క కేక వేసిందంటే ఈ చివర కటింగు మిషను చప్పుడులో కూడా వినబడాల్సిందే. ఇరవై రెండేళ్ళుగా అదే హాలు, అదే పని. అది విని “అయ్యో పాపం” అని జాలిపడేవాళ్ళు కొందరుంటారు. వాళ్ళు ఆ జాలిని ఇంకెవరికోసమైనా దాచుకోవడం మంచిది. జిగురక్క చెవిన పడితే ఊరుకోదు.

ఆమె పనేమిటంటే, పై అంతస్తులో అచ్చయిన కాయితాలు కట్టలు కట్టలుగా కిందికి దిగుతాయి. వాటిని మడవాలి. మడత మీద చెక్క పుల్లతో బలంగా నొక్కాలి. అలా మడిచిన కాయితాలే ఫారాలు. వాటిని వరసగా పేర్చి, కుట్టి, వీపుకు జిగురు పూసి, అట్ట తొడగాలి. మిషన్లు రాకపోలేదు. కానీ లావు పుస్తకాలూ, ఆఫీసు రిజిస్టర్లూ, చిరిగిపోయి మళ్ళీ కట్టడానికి వచ్చే పాతవీ ఇంకా చేతుల మీదుగానే పోవాలి. రోజుకు రెండు వేల మడతలు తక్కువ కాకుండా పడతాయి. నొక్కేదీ, కుట్టేదీ, పూసేదీ అంతా కుడి చెయ్యే.

మధ్యాహ్నం ఒంటిగంటకు గంట కొడతారు. నలభై నిమిషాల విరామం. పది నిమిషాల్లో క్యారేజీ ఖాళీ చేస్తుంది. మిగిలిన అరగంట కోసమే ఆమె పొద్దున్న మంచం దిగుతుందంటే ఎక్కువ చెప్పినట్టు కాదు. ఫారాలు పేర్చే పొడుగాటి బల్లను తుడిచి, మధ్యలో ఒక లావుపాటి పుస్తకం కాపీలు వరసగా నిలబెడతారు. వాళ్ళ టేబుల్ టెన్నిస్‌కు అదే నెట్టు. ఆ పుస్తకం ఎప్పుడో అచ్చేయించుకున్నాయన మళ్ళీ మొహం చూపించలేదు. దాన్ని ఒక్కరూ చదవలేదు గానీ, దానివల్ల రోజూ ఇంతమందికి ఎంత సంతోషమో తెలిస్తే ఆయన పొంగిపోయేవాడు. బ్యాట్లూ సొంత తయారీయే. మూడు పొరల బైండింగు అట్ట, పైన గుడ్డ, పిడి చుట్టూ కుట్టుదారం. జిగురక్క చేసిన బ్యాటు మూడేళ్ళు చెక్కుచెదరదు. బజార్లో కొనేది బంతి ఒక్కటే.

ఆ బల్ల దగ్గర ఒక కట్టుబాటు ఉంది. పని చేసే చేత్తో బ్యాటు పట్టకూడదు. అంటే దాదాపు అందరూ ఎడమ చేత్తోనే ఆడాలి. వెనకటికి ఎవరో ఆటలో జారిపడి కుడి చెయ్యి మెలితిప్పుకుని రెండు నెలలు ఇంట్లో కూర్చున్నాడట. అప్పటి ఫోర్‌మన్ మండిపడి ఆటే ఎత్తేయిస్తానన్నాడు. అందరూ కాళ్ళావేళ్ళా పడితే, తిండి పెట్టే చేతిని దీంట్లోకి లాగనంటేనే ఆడుకోండి అని ఒప్పుకున్నాడు. ఆ ఫోర్‌మన్ వెళ్ళిపోయి ఏళ్ళు గడిచాయి, షరతు మాత్రం అలాగే ఉంది. కుడి చేత్తో బ్యాటు ముట్టుకుంటే పాయింటు పోయినట్టే. బయటివాళ్ళకు ఇది వింతగా ఉంటుంది. ఆడేవాళ్ళకు మాత్రం అదొక వరం. ఎందుకంటే ఎడమ చేతి దగ్గర అందరూ పసివాళ్ళే. కండలు తిరిగిన మిషనాయనా, నిన్న చేరిన పిల్లా ఒకేలా తడబడతారు.

ఇరవై రెండేళ్ళ కిందట జిగురక్క కూడా అలా చేరిన పిల్లల్లో ఒకర్తె. పెళ్ళయి ఎనిమిది నెలలు. ఎవరైనా పలకరిస్తే తల వంచుకునేది. గోడవైపు తిరిగి కూర్చుని అన్నం తినేది. ఒకరోజు జోడీలకు ఒక మనిషి తక్కువైతే, కటింగు మిషను నడిపే ఆయన, అందరికీ బాబాయి, ఆమె చేతిలో బ్యాటు పెట్టాడు.

“నాకు రాదండీ,” అంది.

“ఇక్కడెవడికొచ్చు? ఊరికే పట్టుకు నిలబడమ్మాయ్, అదే తగుల్తుంది,” అన్నాడు బాబాయి.

నిజంగానే తగిలింది. వారం తిరిగేసరికి తగలడం కాదు, కొట్టడం మొదలుపెట్టింది. నెలయ్యేసరికి సాక్షాత్తూ కొత్త ఫోర్‌మన్‌నే ఓడించి “కొట్టేశా!” అని అరిచింది. హాలంతా చప్పట్లతో మోగిపోయింది. తన గొంతు అంత పెద్దదని ఆమెకు అప్పటిదాకా తెలీదు. ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ దారంతా నవ్వుకుంది. పుట్టింట్లో పనిమంతురాలన్నారు, అత్తింట్లో అణకువ కలదన్నారు. ఆటగత్తె అని మాత్రం ఎవరూ అనలేదు. అది ఆమె సొంతంగా సంపాదించుకున్న మాట.

కూతురు కడుపులో ఉన్నప్పుడు ఎనిమిదో నెలదాకా ఆడింది. పొట్ట బల్లకు తగులుతుంటే అడుగు వెనక్కి వేసి ఆడేది. “ఒసే తల్లీ, ఇక్కడే కంటావా ఏంటి!” అని కుట్టు మిషను పెద్దావిడ గుండెలు బాదుకునేది. అమ్మ పోయినప్పుడు నాలుగు రోజులు రాలేదు. ఐదో రోజు వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా, ఒంటిగంటకు బ్యాటు తీసింది. కొందరు నోళ్ళు నొక్కుకున్నారు. కళ్ళవెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి, కొడుతూనే ఉంది. అవతల బాబాయి కూడా ఒక్క మాట అనలేదు, ఒక్క బంతి కూడా దయతలచి వదల్లేదు. ఆ ఒక్క మర్యాదకే ఆమె ఆయన్ని ఈనాటికీ సొంత బాబాయికన్నా ఎక్కువగా చూస్తుంది.

ఇన్నేళ్ళకు, ఈమధ్య కుడి మణికట్టు మొరాయించింది. మొదట వేళ్ళు తిమ్మిరెక్కేవి. తర్వాత చేతిలో గ్లాసు నిలిచేది కాదు. ఒకరోజు జిగురు డబ్బా జారి, ఒళ్ళంతా జిగురైంది. పేరు సార్థకమైందని అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వుతూనే డబ్బాను ఎడమ చేత్తో ఎత్తి పెట్టింది.

భర్త బస్సు డ్రైవరు. చెడ్డవాడేం కాదు. ఆస్పత్రిలో పొద్దున్న ఆరింటికే వెళ్ళి వరసలో నిలబడ్డాడు, ఆమె వచ్చేదాకా తన రుమాలు పరిచి చోటు కాశాడు. కాకపోతే ఆమెను అడిగిన ప్రశ్నలకు ఆయన జవాబు చెబుతాడు. అది ఆయనకు అలవాటు, మిగిలిన లోకానికీ అలవాటే.

“ఈ చేత్తో ఏమేం పనులు చేస్తారమ్మా?” అని అడిగాడు డాక్టరు.

“బైండింగండీ. మడతలు నొక్కడం, కుట్టడం. ఇంటి దగ్గరేమో దుప్పట్లు పిండటం, నీళ్ళు మోయడం...”

“అవన్నీ మామూలే సార్,” అని అందుకున్నాడు భర్త. “అసలు సంగతేంటంటే, రోజూ మధ్యాహ్నం టేబుల్ టెన్నిస్ ఆడుతుంది.”

డాక్టరు తలెత్తి నవ్వాడు. “ఈ వయసులో టేబుల్ టెన్నిసా! భలేవారే. ముందు అది ఆపేయండి. నరం నలిగింది. ఆరు నెలలు విశ్రాంతి ఇవ్వకపోతే ఆపరేషన్ చెయ్యాల్సి వస్తుంది.”

“డాక్టరుగారూ, నేను ఆడేది...”

“బయట ఇంకా ఇరవైమంది ఉన్నారమ్మా,” అని చీటీ రాసి చేతిలో పెట్టాడు. చేతిలో అంటే భర్త చేతిలో.

తిరిగివస్తూ ఆమె చెప్పేద్దామనే అనుకుంది. అంతలో భర్త, “ఇన్నాళ్ళూ చెబితే విన్నావా? ఇప్పుడేమైంది చూడు,” అన్నాడు. దాంతో ఆమె చెప్పడం మానుకుంది. ఇరవై రెండేళ్ళు. మధ్యాహ్నం పూట ఆయన బస్సు ప్రెస్సు ముందునుంచే పోతుంది. ఒక్కరోజైనా దిగి లోపలికి తొంగిచూడలేదు. ఏ చేత్తో ఆడతావని ఒక్క మాట అడగలేదు. ‘అడగనీ, అడిగినరోజు చెబుదాం,’ అనుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఇంట్లో తీర్పు అప్పటికే సిద్ధంగా ఉంది. అత్తగారు, “ఆడదానికి ఆటలేంటని నేను ఆనాడే అన్నాను,” అంది. కూతురు కాలేజీ పుస్తకంలోంచి తల ఎత్తకుండానే, “మానేయమ్మా, పోయేదేముంది,” అంది.

“సరే, చేతికి విశ్రాంతి ఇద్దాం,” అంది జిగురక్క. “దుప్పట్లు ఎవరు పిండుతారు?”

కూతురు పుస్తకంలో పేజీ తిప్పింది.

“అదేంటమ్మాయ్!” అంది అత్తగారు. “పని చేస్తే ఎక్కడైనా చెయ్యి పాడవుతుందా? ఆడితే పాడవుతుంది గానీ!”

“దుప్పట్లు వారానికోసారేగా అమ్మా. ఆట అయితే రోజూ,” అని కూతురు లెక్క తేల్చింది.

“ఇంట్లో పని కూడా ఒక పనేనా?” అన్నాడు భర్త, నిజంగానే అర్థంకాక.

“మరి దాన్నేమంటారండీ?” అంది ఆమె. ఆమెకు కోపం నషాళానికంటింది. ఆ ఇంట్లో ఆమె కుడి చెయ్యి అందరిదీ. అందులోంచి పావుగంట కూడా ఎవరూ వదులుకోరు. వదులుకోవాల్సింది మాత్రం ఆమెకున్న ఒకే ఒక్క అరగంట. మీరే చెప్పండి, ఒళ్ళు మండదా మరి?

మర్నాడు ప్రెస్సులో సూపర్‌వైజరును అడిగి మడతల పని తగ్గించుకుంది. ఫారాలు లెక్కచూసి, వరస తప్పినవి ఏరే పని తీసుకుంది. కుడి మణికట్టుకు పట్టీ కట్టింది. ఒంటిగంటకు ఎడమ చేత్తో బ్యాటు తీసుకుని ఎప్పటిలాగే ఆడింది. ఇంట్లో చెప్పలేదు. అయితే వారం తిరక్కుండానే కూతురు క్యారేజీ సంచిలో చెయ్యి పెడితే, అడుగున కొత్త బంతి దొరికింది. ఇంకేముంది, కొంప మునిగినట్టు ముగ్గురూ చుట్టుముట్టారు.

“ఇలా కాదు,” అన్నాడు భర్త. “ఎల్లుండి ట్రిప్పుల మధ్య ఖాళీ ఉంది. మీ ప్రెస్సుకే వస్తా. ఈ చీటీ మీ సూపర్‌వైజరు చేతిలో పెడతా. ఆ తర్వాత నిన్ను ఆ బల్ల దగ్గరికి ఎవరు రానిస్తారో చూద్దాం.”

ఆ మాటకు ఆమెకు భయం వేసింది. ఆ సూపర్‌వైజరు ఎలాంటివాడో ఆమెకు తెలుసు. తన నీడను చూసి తనే ఉలిక్కిపడే మనిషి. డాక్టరు చీటీ చూశాడంటే ఆమెను ఒక్కదాన్నే కాదు, మొత్తం ఆటనే ఆపించి, బల్ల మీద కాయితం కట్టలు పేర్పించేస్తాడు. అరగంట పోతుంది. ఇరవై రెండేళ్ళలో ఆమెకు ‘ఇది నాది’ అని చూపించుకోవడానికి ఉన్నదంతా పోతుంది.

మర్నాడు ఇదంతా బాబాయికి చెప్పింది. ఆయన కత్తికి నూనె రాస్తూ విని, పకపకా నవ్వాడు.

“ఓస్, దీనికేనా! ఆడేది ఎడమ చేత్తో అని ఒక్క ముక్క చెప్పెయ్యి. గొడవ వదిలిపోద్ది.”

“చెప్పను బాబాయ్.”

“అదేం మొండితనమే?”

“చెబితే ఏమంటారు? ‘ఓహో అలాగా, అయితే ఆడుకో’ అంటారు. రేపు ఎడమ చెయ్యి నొప్పి పుడితే? ఎల్లుండి మోకాలు? అప్పుడల్లా వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడాలా? నేను ఆడేది ఈ చెయ్యా ఆ చెయ్యా అని కాదు బాబాయ్. నా ఆట కాబట్టి ఆడతాను.”

బాబాయి నూనెగుడ్డ పక్కన పెట్టాడు. “నీతో పడలేం తల్లీ,” అన్నాడు గానీ, ఆ అనడంలో కాస్త గర్వం లేకపోలేదు.

అన్నమాట ప్రకారమే భర్త వచ్చాడు. ఖాకీ బట్టల్లో, నెత్తిన టోపీతో, చీటీ పట్టుకుని, పక్కన సూపర్‌వైజరుతో సహా. అప్పటికి ఆట మధ్యలో ఉంది. జిగురక్కకు పంతొమ్మిది, బాబాయికి పదహారు. ఇరవయ్యొకటికి ఎవరు ముందుగా చేరితే వాళ్ళది గెలుపు. ఆమె గుమ్మంవైపు ఒకసారి చూసింది. అయినా బంతి వదల్లేదు. బాబాయి మూలకు కొట్టాడు, ఆమె ఒక్క ఉదుటున పక్కకు వెళ్ళి అందుకుని, పుస్తకాల మీదుగా ఒరుసుకునేలా వెనక్కి పంపింది. బాబాయి బ్యాటు గాల్లో తిరిగింది. ఇరవై. “కొట్టేశా!” అని ఆమె అరిచింది, హాలంతా గోల.

భర్త నోరు తెరుచుకుని చూస్తున్నాడు. తన భార్య పరిగెత్తగలదని ఆయనకు తెలీదు. అరవగలదనీ తెలీదు. కాసేపటికి అసలు సంగతి కంటబడింది.

“ఓసినీ! ఎడమ చేత్తోనా ఆడేది?”

“అవునండీ,” అంది ఆమె రొప్పుతూ.

“మరి ముందే చెప్పొచ్చుగా! అనవసరంగా ఇంత రాద్ధాంతం!” ఆయన మొహం నిజంగానే విప్పారింది. చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. సూపర్‌వైజరు కూడా తప్పించుకున్నానన్నట్టు నిట్టూర్చాడు. “అయితే ఏం ఫర్వాలేదు. ఆడుకో, ఆడుకో,” అన్నాడు భర్త చెయ్యి ఊపుతూ.

బాబాయి కన్ను గీటాడు. అందరి మొహాలూ తేలికపడ్డాయి. ఇంకెవరైనా అయితే అక్కడితో సంతోషించి ఊరుకునేవాళ్ళే. జిగురక్కకు మాత్రం ఆ ‘ఆడుకో’ అన్న మాట చెంపమీద కొట్టినట్టయింది. సరిగ్గా తను బాబాయితో చెప్పినట్టే అన్నాడు.

“ఆ చీటీ ఇటివ్వండి,” అంది.

“ఎందుకిప్పుడు? అయిపోయిందిగా.”

“ఇవ్వండి.”

ఇచ్చాడు. ఆమె దాన్ని విప్పి, హాలంతా వినబడేలా చదివింది. “కుడి చేతికి ఆరు నెలలు పూర్తి విశ్రాంతి. అంతే రాశాడు. ఇందులో ఆట మాట ఎక్కడుందండీ?”

భర్త తడుముకున్నాడు. “నోటితో అన్నాడు కదా...”

“నోటితో అన్నది మోసుకుని ఇంతదూరం వచ్చారు. రాసింది మాత్రం మీ కంటికి ఆనలేదు. ఇది తేవాల్సింది ఇక్కడికి కాదు. ఇంట్లో గోడకు పెట్టాల్సింది. పొద్దున్న దుప్పట్లు నానబెట్టి వచ్చాను. పిండేది మీరు. నీళ్ళు మోసేది మీ అమ్మాయి. పిండి కలపడం, గిన్నెలు తోమడం ఎవరికి వస్తుందో మీరూ మీరూ పంచుకోండి. ఆరు నెలలు నా కుడి చెయ్యి ఆ ఇంట్లో లేదనుకోండి.”

“అందరి ముందూ ఏంటిది...” అన్నాడు ఆయన నీళ్ళు నములుతూ.

“అందరి ముందూ మీరేగా తెచ్చారు!”

సూపర్‌వైజరు మెల్లగా ఒక అడుగు వెనక్కి వేశాడు. జిగురక్క చీటీని బల్ల మీద పెట్టి, మణికట్టు పట్టీ విప్పింది. బ్యాటును ఎడమ చేతిలోంచి కుడి చేతిలోకి మార్చుకుంది.

“అమ్మాయ్!” అన్నాడు బాబాయి కంగారుగా. “షరతు...”

“షరతు పని చేసే చేతికి కదా బాబాయ్. దీనికి ఇవాళ్టినుంచి సెలవు. డాక్టరే రాసిచ్చాడు.” ఆమె కుడి చేతిని ఎత్తి చూసుకుంది. బొటనవేలి పక్కన పుల్ల నొక్కీ నొక్కీ గట్టిపడిన కాయ, గోళ్ళ సందుల్లో ఎండిన జిగురు. “పుట్టినప్పటినుంచీ ఇది అందరికీ చేసిపెట్టింది. ఒక్క ఆట ఆడలేదు. సెలవు మొదటిరోజు కాస్త ఆడనీ. ఒక్క పూట.”

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు.

బాబాయి హాలంతా ఒకసారి కలియజూశాడు. ఎవరూ వద్దనలేదు. కుట్టు మిషను పెద్దావిడ అయితే, “వెయ్యవయ్యా, ఏం చూస్తావు!” అని కసిరింది.

బాబాయి బంతి వేశాడు. ఆమె కుడి చేత్తో కొట్టింది. ఏనాడూ ఆటకు అలవాటులేని చెయ్యి కదా, ఎంత బలం పెట్టాలో దానికి తెలీదు. బంతి పుస్తకాల నెట్టు మీదుగా, బాబాయి తల మీదుగా, భర్త టోపీ మీదుగా పోయి గుమ్మం అవతల పడింది. పదిహేడు. మళ్ళీ కొట్టింది, ఈసారి పుస్తకాలే రెండు కూలాయి. పద్దెనిమిది. మూడోది బ్యాటుకే తగల్లేదు. హాలంతా నవ్వులు. నొప్పి మోచేతిదాకా జివ్వున పాకింది. ఆమె కూడా నవ్వుతోంది, పొట్ట పట్టుకుని, పగలబడి.

“ఓడిపోతున్నావు కదే,” అన్నాడు భర్త ఏమనాలో తెలీక.

“ఓడిపోనివ్వండి. ఇది ఓడిపోవడం కూడా ఇప్పుడే నేర్చుకుంటోంది,” అంది. “మీరు బయల్దేరండి, దుప్పట్లు నానుతున్నాయి. బాబాయ్, ఇంకోటి వెయ్యి.”